ఫొటోలో ఉన్నట్టే

జూన్ 2, సోమవారం

ఈయన ఫర్నిచర్ డీలర్ల మీటింగుకు వెళ్లి సాయంత్రం వచ్చారు. కాళ్లు కూడా కడుక్కోకుండా చెప్పడం మొదలుపెట్టారు. ఎవరో కన్సల్టెంటు తెర మీద గీతలూ గడులూ చూపించాడట. జనం కొత్త ఇళ్లు కొనడం తగ్గించారట. ఉన్న ఇంటినే బాగు చేసుకుంటున్నారట. అదీ ఒకేసారి కాదు, ఒక్కో గది. ఈ ఏడు వంటగది, వచ్చే ఏడు బాత్రూము. సోఫా సెట్టు, మంచం సెట్టు అని సెట్లు కొనే రోజులు పోయాయట. ఇప్పుడు ఎవరూ వస్తువు కొనరట, గది కొంటారట. ఫోన్లో ఏదో గది బొమ్మ చూసి, అచ్చం అలాంటిదే కావాలంటారట. పెద్ద షోరూములకు తక్కువ రేటు ఉంది, మీలాంటి సొంత షాపులవాళ్లకు ఏముంది అని అడిగాడట.

అత్తయ్య అంతా విని, గది కొంటే గోడలు కూడా పార్సిలు కట్టి పంపిస్తావట్రా అని అడిగింది.

ఈయన నవ్వలేదు. మామూలుగా నవ్వుతారు.

జూన్ 4

షాపులో పొద్దుటి నుంచి ఒక్కటే బేరం. భార్యాభర్తలు. టేకు మంచం మీద ఇద్దరూ కూర్చుని చూశారు. ఆవిడ ఫొటో తీసుకుంది. ఆయన మంచం కిందికి వంగి చూశాడు. ఇంటికెళ్లి మాట్లాడుకుని వస్తాం అన్నారు. ఇంటికెళ్లి మాట్లాడుకున్నవాళ్లు తిరిగి రాగా నేను చూడలేదు.

పోయిన నెలలో అమ్మిన సరుకు తలుచుకున్నాను. చెప్పుల స్టాండు, కర్టెన్ రాడ్లు, వంటింటి సొరుగులు జారడానికి వేసే చానళ్లు. పాత సోఫాలకు కొత్త గుడ్డ వేయించుకున్నవాళ్లు కొందరు. మంచం సెట్టు ఒక్కటీ కదల్లేదు. బైపాస్ మీద పెద్ద షోరూము తెరిచాక మాకు మిగిలింది ఈ చిల్లర బేరాలూ రిపేర్లూ. మీటింగులో ఆ మనిషి చెప్పింది తప్పు కాదేమో. ఈయనతో ఆ మాట అనలేదు. అంటే ఇక పట్టపగ్గాలుండవు.

జూన్ 9

మందుల షాపాయన వచ్చాడు. మా షట్టరు ఖాళీ చేస్తే అద్దెకు తీసుకుంటాడట. ఖాళీ చేస్తామని ఎవరు చెప్పారో తెలియదు. వెడల్పు చూసుకుంటానని టేపు అడిగాడు. మా టేపే ఇచ్చాం. రెండో కొస ఈయనే పట్టుకున్నారు.

అతను వెళ్లాక చాలాసేపు స్టూలు మీద అలాగే కూర్చున్నారు. షాపు మూసేస్తే బైపాస్ షోరూములో పనికి చేరి, మెడలో పేరు బిళ్ల తగిలించుకుని, రండి సార్, చూడండి మేడమ్ అనాలన్నమాట నేను అన్నారు. నేను టీ తెచ్చాను. చల్లారిపోయింది.

జూన్ 10

మేడ మీది మన ఇల్లే షోరూము చేద్దామన్నారు పొద్దున్నే. కలొచ్చిందా అన్నాను. కాదట. రాత్రంతా లెక్క వేసుకున్నారట.

మాది షాపు మీద ఇల్లు. రోడ్డు వైపు హాలు, వంటగది, మా పడక గది. చిన్న నడవా దాటితే వెనక వైపు రెండు గదులు. ఒకటి అత్తయ్యది, ఒకటి అమ్మాయిది. వెనకే ఇంకో మెట్లదారి, చిన్న వరండా. ముందు గదులు మూడూ కొత్తగా చేయిద్దాం, వచ్చినవాళ్లను పైకి తీసుకొచ్చి చూపిద్దాం, బైపాస్ వాడు అద్దాల గదిలో మంచం పెడతాడు, మనం మనుషులున్న ఇంట్లో చూపిద్దాం అన్నారు. ఏది నచ్చితే అది అమ్మడం, ఆ స్థానంలో కొత్తది పెట్టుకోవడం. అందులో మనమే ఉండడం.

నేను కుదరదనలేదు. టేపు రెండో కొస పట్టుకున్న మనిషి కళ్లలో మెదులుతున్నాడు.

అమ్మాయి మాత్రం, నా గది కూడానా అని అడిగింది. దాని జోలికి రాను అన్నారు వాళ్ల నాన్న. అది కాలేజీలో రెండో ఏడాదికి వచ్చింది. ఈసారి పెద్ద పరీక్షలు.

జూన్ 24

ఇల్లంతా సిమెంటు. వంట వెనక వరండాలో, ఒంటి పొయ్యి మీద. ఇంట్లో దుమ్ముకు దగ్గొస్తోందని అత్తయ్య కింద షాపులో పడుకుంటోంది. రోజుకో మంచం మారుస్తోంది. పొద్దున్నే రిపోర్టు. నిన్నటిది కిర్రుమంటోంది, మొన్నటిది తల వైపు ఎత్తు తక్కువ, ఆ పువ్వుల మంచం మీద పడుకుంటే నాకే సిగ్గేసింది అంది. ఈయన ఆ మూడూ బాగు చేయించారు. అత్తయ్యకు జీతం ఇవ్వాలి అన్నాను. జీతం వద్దు, ఇల్లు ఎప్పటికి వస్తుందో చెప్పు చాలు అంది.

జూలై 5, శనివారం

ఇవాళ తెరిచాం.

వచ్చినవాళ్లు మొదట గుమ్మం దగ్గర ఆగారు, పరాయి ఇంట్లోకి వచ్చినట్టు. అర గంటకు భయం పోయింది. సోఫాలో కూర్చున్నారు. వంటగది సొరుగులు లాగి చూశారు. ఒకావిడ ఫ్రిజ్ కూడా తెరిచింది. అందులో మా కూరలు. నిజంగా ఇక్కడే ఉంటారా అని అడిగింది. ఉంటాం అన్నాను. చాలా నీట్‌గా ఉందండీ అంది. మార్కులు వేసినట్టు.

సాయంత్రానికి సోఫా అమ్ముడుపోయింది. కాఫీ టేబులు, దీపం స్టాండు కూడా. పాత సోఫా మేమే తీసుకెళతాం, తలుపు కొలత మేమే వచ్చి చూస్తాం, మెట్ల మలుపులో పట్టకపోతే కాళ్లు విప్పి ఎక్కించి బిగిస్తాం అని ఈయన చెబుతుంటే సోఫా కొన్నావిడ భర్త మొహంలో ధైర్యం కనపడింది. పెద్ద షోరూమువాడు గుమ్మం దాకా తెచ్చి పడేసి పోతాడట.

డెలివరీ గురువారాల్లో. అప్పటిదాకా అమ్ముడుపోయిన వస్తువు మా ఇంట్లోనే, అడుగున ఎర్ర స్టిక్కరుతో. వాడుకోవచ్చు కానీ గీత పడకూడదు. ఇదీ రూలు.

జూలై 10

భోజనాల బల్ల అమ్ముడుపోయింది. దాని మీద దుప్పటి పరిచి, దుప్పటి మీద పేపర్లు పరిచి, పేపర్ల మీద పళ్లాలు పెట్టుకుని తిన్నాం. ఎవరూ మాట్లాడలేదు, చేయి జారుతుందేమోనని.

జూలై 19

గిరాకీ పుంజుకుంది. ఈయన చెప్పులు టకటకలాడిస్తూ మెట్లెక్కుతున్నారు. అలా నడిచి ఎన్నాళ్లయిందో. మందుల షాపాయన మళ్లీ వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీ షాపులో అరలు పాతబడ్డాయి, మార్పించండి అని చెప్పి పంపారు.

జనం దేనికి ఖర్చు పెడుతున్నారో ఇప్పుడు నాకూ తెలుస్తోంది. పడక గది మీద పెట్టరు. వచ్చినవాళ్ల కంటబడే చోట పెడతారు. వంటగదికి ఆడవాళ్లు పట్టుబట్టి పెట్టిస్తారు. మగవాళ్లు టీవీ ఉన్న గోడకు పెడతారు. పిల్లల చదువు గది అంటే ఇద్దరూ బేరమాడరు. ఇల్లు మారే స్తోమత లేనివాళ్లే ఎక్కువ వస్తున్నారు. ఉన్న ఇంట్లోనే కొత్త ఇంట్లో ఉన్నట్టు ఉండాలట.

మా ఇంట్లో మాత్రం ఏదీ నిలకడగా లేదు. పొద్దున కూర్చున్న కుర్చీ సాయంత్రానికి ఉండదు. తలకు నూనె రాసుకుని సోఫాకు ఆనుకోవద్దని అత్తయ్యకు చెప్పాల్సి వచ్చింది. ఈ వయసులో నా తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో కూడా నువ్వే చెప్పు అంది. ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఆదివారం అమ్మాయి హాల్లో కూర్చుని చదువుకుంటోంది. ఒకాయన వచ్చి, పాపా కాస్త లే, కూర్చుని చూడాలి అన్నాడు. లేచింది. వాళ్లావిడ, కాస్త పక్కకు జరుగమ్మా, ఫొటోలో పడుతున్నావు అంది. జరిగింది. అప్పటి నుంచి గది తలుపు వేసుకునే ఉంటోంది.

ఆగస్టు 3

మూసి ఉన్న తలుపే అందరికీ కావాలి. నడవాలోకి తొంగి చూసి, అటువైపేముంది అని అడుగుతున్నారు. మా అమ్మాయి గది అంటే, పిల్లల గదే చూద్దామనుకున్నామండీ అంటున్నారు. నిన్న ముగ్గురు అలాగే అడిగి వెళ్లిపోయారు. చదువులు ఊపందుకునే రోజులు కదా, జనం చూపంతా చదువు గదుల మీదే ఉంటుందని కన్సల్టెంటు ముందే చెప్పాడట. ఈయన అమ్మాయిని అడగడానికి మొహం చెల్లడం లేదు. మాటిచ్చారు కదా. భోజనం దగ్గర నా వైపు చూశారు. రెండుసార్లు చూశారు.

ఆగస్టు 4

నేనే అడిగాను. నీ ఇష్టం అంది. సరే అన్నదిగా తీసుకున్నాను.

ఆగస్టు 20

అమ్మాయి గది తయారైంది. కిటికీ కింద పొడుగాటి బల్ల, పైన అరలు, మంచం కింద సొరుగులు, లేత ఆకుపచ్చ రంగు. మేం చేసిన గదులన్నింట్లోకీ ఇదే బాగుంది. అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసి, బాగుంది అంది. ఎవరిదో గది చూసినట్టు అంది.

గోడకు అయిదు ఫ్రేములు కొట్టించాం. నాలుగింటిలో ఆకుల బొమ్మలు పెట్టాను. అయిదోది ఖాళీ. ఖాళీ ఫ్రేము కంటికి లోటుగా ఉంటుంది. ఇంట్లో వెతికితే అమ్మాయి ఫొటో దొరికింది. పదేళ్లప్పటిది. ఉయ్యాల మీద తల వెనక్కి వేసి నవ్వుతోంది, చెంప మీద సొట్టతో. సరిగ్గా సరిపోయింది. పెట్టాను.

ఆగస్టు 24, ఆదివారం

బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఆవిడ వచ్చింది, భర్తతో. అమ్మాయి ట్యూషన్‌కు వెళ్లింది. ఆవిడ గదిలో అడుగు పెట్టి అటూ ఇటూ చూడలేదు. ఇదే అంది. మంచమా బల్లా అని ఈయన అడిగితే, ఇదే అండీ, ఇలాగే అంది. ఫోను తీసి గుమ్మంలో నుంచి ఒక ఫొటో తీసింది. ఇందులో ఏముందో అదంతా కావాలి, మళ్లీ నేను ఒక్కో వస్తువూ వెతుక్కునే ఓపిక లేదు అంది. దుప్పటితో సహా అడిగింది. ఆవిడ బ్యాంకులో ఇద్దరు ఇళ్లు బాగు చేయించుకుంటున్నారట, వాళ్లనూ పంపిస్తానంది.

ఈయన బిల్లు మీద రాశారు, ఫొటోలో ఉన్నట్టే గది మొత్తం అని. ఒక్క బిల్లు మీద ఇంత సరుకు ఈ మధ్య ఎప్పుడూ రాయలేదు.

ఆగస్టు 28, గురువారం

నేను ఒక కస్టమర్ ఇంట్లో వంటగది కొలతలకు వెళ్లాను. వచ్చేసరికి లోడు వెళ్లిపోయింది.

గదిలో నాలుగు గోడలు. అమ్మాయి బట్టలు, పుస్తకాలు రెండు అట్టపెట్టెల్లో, పైన కాలేజీ బ్యాగు. గోడ మీద అయిదు మేకులు. అయిదో మేకు చూసి ఈయన్ని అడిగాను. లోడింగువాళ్లకు ఫొటో ఇచ్చాను, ఫొటో చూసుకుంటూ కట్టారు, పాపం చాలా జాగ్రత్తగా కట్టారు అన్నారు. ఫ్రేములో అమ్మాయి బొమ్మ ఉందని గుర్తు రాలేదట. రేపు ఫోను చేసి తెప్పిస్తానన్నారు.

అమ్మాయి సాయంత్రం వచ్చింది. గుమ్మంలో కాసేపు నిలబడింది. కొత్త మంచం వచ్చే వారం వస్తుందని చెప్పాను. అట్టపెట్టెలు నానమ్మ గదిలోకి ఈడ్చుకుంది. నేను సాయం పట్టబోతే, ఫరవాలేదు, తేలిగ్గానే ఉన్నాయి అంది.

ఆగస్టు 30

ఫోను చేశారా అని అడిగాను. చేస్తాను అన్నారు. ఇప్పుడే సరుకు వెళ్లింది, అప్పుడే వెనక్కి ఇవ్వండి అంటే ఏం బాగుంటుంది, ఆవిడ పంపిస్తానన్న ఇద్దరూ వచ్చి చూసుకుని వెళ్లాక అడుగుదాం అన్నారు. ఒక ఫొటోకు ఇంత చేస్తావేం అన్నారు. నేనూ ఊరుకున్నాను.

సెప్టెంబర్ 5, శుక్రవారం

అమ్మాయి మధ్యాహ్నానికే వచ్చేసింది. హాల్లో కస్టమర్లు. వెనక మెట్ల మీదుగా పైకెళ్లి, నానమ్మకు చెప్పి, బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. నాకు చెప్పలేదు. నేను ఎవరికో సొరుగు లాగి చూపిస్తున్నాను.

సంగతంతా అత్తయ్య చెప్పింది. దాని క్లాసులో ఒక పిల్లకు ఆ బ్యాంకావిడ మేనత్త. నిన్న ఆ పిల్ల కొత్త గది చూడడానికి వెళ్లిందట. గోడ మీద మా అమ్మాయి. సొట్ట చూసి గుర్తు పట్టిందట. మా క్లాసుమేటు ఫొటో మీ ఇంట్లో ఎందుకుందత్తా అని అడిగిందట. ఆవిడ, ఛ, అది ఫ్రేముతో పాటు వచ్చిన బొమ్మే, షాపుల్లో అలాంటివి పెట్టే అమ్ముతారు అందట. ఇవాళ కాలేజీలో ఈ కథ అందరికీ తెలిసింది. దాన్ని ఫ్రీ గిఫ్టు అని పిలిచారట. లెక్చరరు హాజరు పిలిస్తే కూడా వెనక నుంచి ఎవరో ఫ్రీ గిఫ్టు ప్రెజెంట్ సార్ అన్నారట.

ఎక్కడికెళ్లిందని అడిగాను. మీ అక్క ఇంటికి అంది అత్తయ్య. ఆపలేకపోయారా అన్నాను. ఎక్కడ కూర్చోబెట్టి ఆపను అంది.

సెప్టెంబర్ 6

అక్క ఫోను చేసింది. నీ కూతురు భద్రంగానే ఉంది, దాన్ని నేను అమ్మనులే అంది. ఆ తర్వాత మామూలుగా మాట్లాడింది. ఇక్కడి నుంచే కాలేజీకి వెళుతుందట, బస్సు మారాలి, అయినా వెళుతుందట. పరీక్షలయ్యేదాకా ఇక్కడే ఉంటానంటోంది, ఆ తర్వాత హాస్టలు చూసుకుంటుందట అంది. ఫోను దానికివ్వమన్నాను. స్నానం చేస్తోంది అంది అక్క. వెనక అమ్మాయి దగ్గు వినపడింది.

ఈయనకు చెప్పాను. చిన్నపిల్ల, నాలుగు రోజులుంటే అదే వస్తుంది అన్నారు. కొత్త మంచం బిగించారు దాని గదిలో. బాగుందా అని నన్నే అడిగారు.

సెప్టెంబర్ 8

బ్యాంకావిడ ఇంటికి నేనే వెళ్లాను. ఈయనకు చెప్పలేదు.

ఆవిడ నన్ను గది దగ్గరికి తీసుకెళ్లింది. గుమ్మంలో నా కాలు ఆగింది. బల్ల, అరలు, దుప్పటి మడత, దీపం, అన్నీ ఎలా ఉన్నవి అలాగే. గోడ రంగు కూడా అదే వేయించింది. మంచానికి చుట్టిన ప్లాస్టిక్కు ఒక పక్కన ఇంకా తీయలేదు. వాళ్లబ్బాయి ఇంకా హాల్లోనే పడుకుంటున్నాడట, గది పాడవుతుందని.

విషయం చెప్పాను. ఆవిడ మొహం ఎర్రబడింది. అయ్యో, నిజంగా ఫ్రేముతో వచ్చిందనే అనుకున్నానండీ, అంత బాగా నవ్వే పిల్లలు షాపు బొమ్మల్లోనే కదా ఉంటారు అంది. ఎవరైనా అడిగితే మా బంధువుల అమ్మాయి అని చెప్పేదాన్ని, ఒకరిద్దరు పోలికలున్నాయి కూడా అన్నారు అంది. తనే మేకు మీద నుంచి దించి పేపరులో చుట్టి ఇచ్చింది. గేటు దాకా వచ్చి, ఏమనుకోకండి, ఆ చోట ఇప్పుడేం పెట్టమంటారు, లోటుగా ఉంటుందేమో అని అడిగింది. ఆకుల బొమ్మ ఒకటి పంపిస్తానన్నాను. ఆ సమయంలో కూడా బేరమే మాట్లాడాను.

సెప్టెంబర్ 10

అక్క ఇంటికి వెళ్లాను. అమ్మాయి మా బావగారి పాత రాత బల్ల దగ్గర చదువుకుంటోంది. ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టారు. ఫ్రేము ఇచ్చాను. తీసుకుంది. థాంక్స్ అంది. పక్కన పెట్టింది.

ఇంటికి వెళదాం రా అన్నాను. పుస్తకం మూసి చెప్పింది. ఫొటో సంగతి కాదమ్మా, అదే అయితే నువ్వు తెచ్చావు కదా, అయిపోయేది అంది. నేను మంచం మీద పడుకుని ఉంటే తలుపు తోసుకుని వచ్చేస్తారు, నన్ను చూసి వాళ్లు సారీ అనరు, ఫరవాలేదు పడుకోమ్మా అంటారు అంది. నా గదిలో వాళ్లు నాకు ఫరవాలేదు అంటారు అంది.

గొంతు పెంచలేదు. వాళ్ల నాన్నలాగే.

రావా అని అడిగితే, వస్తే ఎక్కడికి రావాలో చెప్పు, వస్తాను అంది. బస్సులో అంతసేపూ చెప్పడానికి ఒక చోటు వెతికాను. దొరకలేదు.

సెప్టెంబర్ 13

పోయిన నెల వచ్చి మా గదులన్నీ చూసి వెళ్లిన కన్సల్టెంటు, ఇరవై ఒకటో తారీకు ఆదివారం డీలర్లందర్నీ మా ఇంటికి తీసుకొస్తున్నాడట. చూడండి, ఒక చిన్న షాపువాడు ఎలా నిలబడ్డాడో అని చూపిస్తాడట. ఈయన్ని మాట్లాడమన్నాడట. ఈయన అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నారు. అమ్మాయి ఆ రోజుకన్నా ఉంటే బాగుండు, మనుషులున్న ఇల్లు అని చెప్పి మనుషుల్ని చూపించకపోతే ఎలా అన్నారు.

అన్నాక ఆయనకే వినపడినట్టుంది. బయటికి వెళ్లిపోయారు.

సెప్టెంబర్ 18, గురువారం

ఈయన డెలివరీకి వెళ్లగానే మేస్త్రికి కబురు పెట్టాను. నడవా చూపించి, ఇక్కడ గోడ కట్టాలి అన్నాను. తలుపు ఎక్కడ పెట్టమంటారు అన్నాడు. తలుపు వద్దు అన్నాను. తలుపు ఉంటే తీస్తారు. మళ్లీ అడిగాడు, అటు రెండు గదులున్నాయి కదమ్మా, ఎట్లా వెళతారు అని. వెనక మెట్లున్నాయి అన్నాను. సార్‌కు తెలుసా అన్నాడు. ఇటుకలు దించు అన్నాను.

అత్తయ్య వరండాలో కూర్చుని చూసింది. నువ్వు అటు పక్కా ఇటు పక్కా అని అడిగింది. ఇటే అన్నాను. అయితే నా కళ్లజోడు హాల్లో ఉంది, గోడ లేచేలోపు తెచ్చిపెట్టు అంది.

మా బట్టలు, పరుపు, వంట సామాను, ఒంటి పొయ్యి, అన్నీ వెనక్కి చేర్చాను. అమ్మాయి గదిలోని కొత్త మంచం, బల్ల విప్పించి కిందికి షాపులోకి పంపాను. ముందు మూడు గదుల్లో మాది ఒక్క చెంచా కూడా మిగల్చలేదు.

ఈయన వచ్చేసరికి గోడ నడుము ఎత్తుకు వచ్చింది. ఆయన హాల్లో, నేను నడవాలో. గోడ మీదుగా చూసుకున్నాం. ఆదివారం డీలర్లు వస్తున్నారు అన్నారు. తెలుసు అన్నాను. సగం ఇల్లు మూసేసి వాళ్లకేం చూపించను అన్నారు. మీరు అమ్మేదంతా అటే ఉంది అన్నాను. మేస్త్రి తాపీ పట్టుకుని ఇద్దర్నీ చూస్తున్నాడు. ఆపమంటారా సార్ అన్నాడు. ఈయన ఆపమనలేదు. కట్టమనీ చెప్పలేదు. నేను ఇంకో ఇటుక అందించాను. అతను పెట్టాడు.

సెప్టెంబర్ 19

ఈయన నాతో మాట్లాడడం లేదు. రాత్రి ముందు గదిలోనే పడుకున్నారు, ఎర్ర స్టిక్కరు వేసిన మంచం మీద. పొద్దున వెనక మెట్లెక్కి వచ్చి, అమ్మా, ఆవిణ్ణి అడుగు, నా నీలం చొక్కా ఎటు పక్కకు వచ్చిందో అన్నారు. నేనేమన్నా పోస్టాఫీసునా, ఇద్దరూ ఒకే వరండాలో ఉన్నారు, మీరే అడుక్కోండి అంది అత్తయ్య.

చొక్కా ఇచ్చాను. తీసుకుని వెంటనే వెళ్లలేదు. వెనక నుంచి గోడ చూశారు. దగ్గరికెళ్లి కింది నుంచి పై దాకా చూశారు. అడ్డదిడ్డంగా పూత పూశాడు, నన్ను పిలిస్తే దగ్గరుండి చేయించేవాణ్ణి అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. అటు ముందు వైపు తడి ఆరాక రంగు తనే వేస్తానన్నారు.

సెప్టెంబర్ 21, ఆదివారం

డీలర్లు వచ్చి వెళ్లారు. నేను ముందు మెట్ల దగ్గర నిలబడి విన్నాను.

ఈయన బాగా మాట్లాడారు. జనం ఒక్కో గదికే ఖర్చు పెడతారు, అందుకని వాళ్ల గది మనకు తెలియాలి, తలుపు కొలత తెలియాలి, ఇంట్లో ఎవరికి మోకాళ్ల నొప్పులో తెలియాలి, అది పెద్ద షోరూముకు తెలియదు అన్నారు. చప్పట్లు కొట్టారు. తర్వాత కన్సల్టెంటు హాలు చివరికి వచ్చి ఆగాడు. గోడకు ఇంకా తడి ఆరలేదు. పోయిన నెల నేను వచ్చినప్పుడు ఇక్కడ దారి ఉంది కదా, పిల్లల గది ఉండేది కదా, అదే కదా వీళ్లకు చూపించాలనుకున్నది అన్నాడు. అందరూ అటు తిరిగారు.

ఈయన వెళ్లి గోడ తడి ముట్టి చూశారు.

వెనకేముందండీ, గోడౌనా అని ఇంకొకాయన అడిగాడు.

ఇల్లు అన్నారు ఈయన.

సాయంత్రం అక్కకు ఫోను చేశాను. ఈసారి అమ్మాయే ఎత్తింది. ఎక్కడికి రావాలో చెప్పాను.

సెప్టెంబర్ 24, మధ్యాహ్నం

అమ్మాయి వెనక మెట్ల మీదుగా వచ్చింది. గదిలో ఒక పరుపు, రెండు అట్టపెట్టెలు, అంతే. బల్ల ఎలాంటిది కావాలని వాళ్ల నాన్న అడిగితే, తర్వాత చెబుతాను అంది. నడవాలో గోడకు ఆనుకుని కూర్చుని చదువుతోంది. అవతల బేరం నడుస్తోంది. ఎవరో అటువైపు నుంచి గోడ తట్టి చూశారు, గట్టిదేనా అన్నట్టు. అమ్మాయి పేజీ తిప్పి, ఇటువైపు నుంచి తట్టింది. అవతల మాటలు ఆగిపోయాయి.